చిన్ననాటి హీ-మ్యాన్, జి.ఐ. జో బొమ్మలను మళ్లీ సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీకిప్పుడు నలభై ఒక్క ఏళ్లు. 1990ల తొలినాళ్లలో గుంటూరులో ఉన్నప్పుడు మీ నాన్నగారు కొనిచ్చిన హీ-మ్యాన్, అతని శత్రువు స్కెలిటర్, ఒక అరడజను జి.ఐ. జో బొమ్మలు ఇల్లు మారే హడావిడిలో ఎటో పోయాయి. వాటిని మళ్లీ కూడబెట్టుకోవాలని ఉంది, అందుకు నెలకు మూడు వేల రూపాయలు కేటాయించగలరు. అమెరికాలో ఉన్న చెల్లెలి చేత తెప్పించుకోవాలా, ఇక్కడే వెతకాలా; అట్ట ప్యాకింగు విప్పనివి కొనాలా, ప్యాకింగు లేని విడివి కొనాలా; ముందు ముందు వీటికి ధర వస్తుందా; ఏడేళ్ల మీ అబ్బాయి వాటితో ఆడతానంటే ఏం చెయ్యాలి అన్నవి మీ సందేహాలు. నేను పదిహేడేళ్లుగా హైదరాబాదులో ఇవే బొమ్మలను సేకరిస్తున్నాను, తెలిసినవారివి బాగుచేసి ఇస్తుంటాను కూడా. ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: ముందు ఇక్కడే వెతకండి, విడి బొమ్మలనే కొనండి, కొనేముందు మీ చేతిలో ఆడిన బొమ్మ ఏదో తేల్చుకోండి, పెట్టుబడి అనే మాట మరిచిపోండి. తొలి ఆరు నెలల్లో మీరు అనుకున్న మూడు వేలు ఏ నెలా పూర్తిగా ఖర్చు కాకపోతే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

మీ చేతిలో ఆడిన బొమ్మ ఏదో తేల్చుకోమని ఎందుకంటున్నానో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవారు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. హీ-మ్యాన్ బొమ్మలను అమెరికాలో మాటెల్ సంస్థ 1982లో విడుదల చేసింది. బొమ్మలు ముందు వచ్చాయి, ఫిల్మేషన్ స్టూడియో వారి 130 భాగాల కార్టూను 1983లో ఆ బొమ్మలను అమ్మిపెట్టడానికి వాటి వెనక వచ్చింది. మన దేశంలో వాటిని లియో పేరుతో ఇక్కడే తయారుచేసి అమ్మారు. జి.ఐ. జో కథ ఇంకొంచెం పాతది. 1964లో అది పన్నెండు అంగుళాల సైనికుడి బొమ్మ. మనకు తెలిసిన మూడుముప్పావు అంగుళాల వరుసను అమెరికా సంస్థ హాస్‌బ్రో 1982లో మొదలుపెట్టింది. ఎం.ఆర్.ఎఫ్. సంస్థ హాస్‌బ్రోతో కలిసి 1987లో ఫన్‌స్కూల్ అనే బొమ్మల కంపెనీని స్థాపించిన తరువాత, ఆ అచ్చులు మన దేశానికి వచ్చి బొమ్మలు ఇక్కడే పోత పోయడం మొదలైంది.

ఇక్కడొక విచిత్రం ఉంది. అమెరికాలో ఆ వరుస 1994లో ఆగిపోయినా, ఫన్‌స్కూల్ ఆ తరువాత కూడా చాలా ఏళ్లు తయారుచేస్తూనే ఉంది. అందువల్ల అక్కడి పిల్లలు 1985లో ఆడుకుని పక్కన పడేసిన పాత్రలతో ఇక్కడి పిల్లలు 1995లో కొత్తగా ఆడుకున్నారు. అచ్చు ఒకటే అయినా ప్లాస్టిక్ రంగు, ముఖం మీది వర్ణం, తుపాకీ ఛాయ, అట్ట మీది ముద్రణ వేరుగా ఉండేవి, ఒకే పాత్ర రెండు విడతల్లో రెండు రంగుల్లో వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఈ తేడాల కోసమే అమెరికా, ఐరోపా సేకరణకర్తలు మన ఫన్‌స్కూల్ బొమ్మలను వెతికి మరీ కొంటారు. మనవాళ్లేమో ఆంగ్ల జాబితాలు చూసి అమెరికా బొమ్మ అసలుదనీ, ఇక్కడిది నకలనీ అనుకుని, ఇంట్లో ఉన్నదాన్ని పాత సామానువాడికి తూకానికి వేసేస్తారు.

నేనూ ఆ పొరపాటు చేశాను. సేకరణ మొదలుపెట్టిన రెండో ఏడు, నా చిన్నప్పటి డ్యూక్ (జి.ఐ. జో పాత్రల్లో ఒకడు) బొమ్మ కావాలని, బంధువు ఒకరి ద్వారా అమెరికా నుంచి ఒకటి తెప్పించుకున్నాను. బొమ్మ చక్కగా ఉంది, ఆయుధాలతో సహా పూర్తిగా ఉంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఎవరి బొమ్మనో పట్టుకున్నట్టు అనిపించింది. చొక్కా ఛాయ వేరు, జుట్టు పసుపు వేరు, కనుబొమ్మలు గీసిన తీరు వేరు. నాలుగేళ్ల తరువాత ఎర్రగడ్డ ఆదివారం సంతలో, విరిగిన రిమోట్లు, ఛార్జర్ల కుప్పలో, కుడిచేతి బొటనవేలు లేని ఇక్కడి డ్యూక్ ముప్పై రూపాయలకు దొరికింది. నా బీరువాలో ముందు వరుసలో ఉన్నది అదే, అమెరికా డ్యూక్ దాని వెనక ఉంది.

కాబట్టి మీరు చెయ్యవలసిన మొదటి పని కొనడం కాదు. ఒక కాగితం తీసుకుని గుర్తున్నవన్నీ రాయండి: బొమ్మ నిలుచుంటే మీ అరచేతిలో ఎక్కడిదాకా వచ్చేది, తల మెత్తగా ఉండేదా గట్టిగా ఉండేదా, మోకాలు వంగేదా, వీపు మీద మర (స్క్రూ) ఉండేదా. హీ-మ్యాన్ అయిదున్నర అంగుళాలవాడు, మోకాళ్లు వంగవు, తల బోలుగా మెత్తగా ఉంటుంది, నడుము పక్కకు తిప్పి వదిలితే లోపలి స్ప్రింగు విసురుగా వెనక్కి తెచ్చి గుద్దు గుద్దిస్తుంది. జి.ఐ. జోకు మోచేతులు, మోకాళ్లు వంగుతాయి, వీపు మధ్యలో చిన్న మర ఉంటుంది. ఈ పని పూర్తయ్యాక పాత ఆల్బములు తిరగెయ్యండి. పుట్టినరోజు ఫొటోలో కేకు పక్కన, టీవీ మీద పరిచిన గుడ్డ మీద ఈ బొమ్మలు నిలబడి ఉంటాయి. నాకు తెలిసిన ఒకాయన తాను చిన్నప్పుడు ఆడుకున్నది హీ-మ్యాన్ అని ఇరవై ఏళ్లు నమ్మారు. ఫొటో తీసి చూస్తే అది అదే కండలు, వేరే తలతో తిరునాళ్లలో అమ్మిన నకలు బొమ్మ. ఆయన ఇప్పుడు ఆ నకళ్లనే సేకరిస్తున్నారు. నిజం చెప్పాలంటే అవే దొరకడం కష్టం, ఎందుకంటే వాటిని దాచాలని ఎవరికీ తోచలేదు.

వీపు మీది సంవత్సరాన్ని చూసి మోసపోకండి. హీ-మ్యాన్ వీపు మీద మాటెల్ పేరు పక్కన 1981 అని కనిపిస్తుంది. అది హక్కు నమోదైన సంవత్సరమే తప్ప మీ చేతిలోని బొమ్మ తయారైన సంవత్సరం కాదు, ఆ వరుస దుకాణాలకు వచ్చిందే 1982లో. జి.ఐ. జో విషయంలోనూ అంతే. అమ్మేవారు ఆ అంకె చూపించి ఎక్కువ ధర అడుగుతారు. మీరు చూడవలసింది దేశం పేరు.

ఇక ఎక్కడ వెతకాలి అన్నది. హైదరాబాదులోనైతే ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజారు. అక్కడ బొమ్మల కోసం వెళ్లేవారు ఉత్త చేతులతో వస్తారు, పాత సామాను మధ్య తిరగడం ఇష్టమైనవారికి అప్పుడప్పుడు ఏదో ఒకటి తగులుతుంది. నా అనుభవంలో అన్నిటికంటే మంచి గని బంధువుల ఇళ్లలోని అటక. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన ఇళ్లలో, అమ్మమ్మలు పారెయ్యడానికి మనసొప్పక బిస్కెట్ డబ్బాల్లో వేసి పైకెక్కించినవి ఇంకా ఉన్నాయి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టి, ‘ఇలాంటివి ఎవరింట్లోనైనా ఉన్నాయా?’ అని అడగండి. పండుగలకు ఊరెళ్లినప్పుడు అటక దులిపే పని మీరే మీద వేసుకోండి. నేను తెనాలిలో ఒక దూరపు బంధువుల ఇంట్లో ఇలాగే పదకొండు బొమ్మలు దింపాను. వాళ్లు డబ్బు తీసుకోలేదు, బదులుగా మూడు గదుల బూజు దులిపించుకున్నారు.

ఆన్‌లైన్‌లో కొంటే నాలుగు ఫొటోలు లేకుండా డబ్బు పంపవద్దు: ముందు, వెనక, నడుము దగ్గరగా, రెండు చేతులు దగ్గరగా. జి.ఐ. జోకు తుపాకీని బలవంతంగా దూర్చడం వల్ల బొటనవేళ్లు విరుగుతాయి. కాళ్ల మధ్య భాగం కూడా పగులుతుంది. ఈ రెండు లోపాలనూ మళ్లీ పూడ్చలేము. హీ-మ్యాన్‌కు ఛాతీ పట్టీ, గొడ్డలి, డాలు, సగం కత్తి ఉండాలి. మిగతా సగం కత్తి స్కెలిటర్ దగ్గర ఉంటుంది, రెండూ కలిపితే ఒకటవుతాయి. ఈ ఆయుధాలకు కొత్తగా పోసిన నకళ్లు విపరీతంగా ఉన్నాయి. నకలు అని చెప్పి అమ్మితే తప్పు లేదు, నేను కూడా వాడతాను. చెప్పకుండా అమ్మేవారితోనే సమస్య.

చెల్లెలి విషయం: ఇక్కడ అసలు దొరకనిది, లేదా మీకు అమెరికా రూపమే కావాలనిపించినది ఉంటే ఆమె అక్కడి చిరునామాకు తెప్పించుకుని, వచ్చేటప్పుడు సామానులో తెస్తే మేలు. పార్సెల్ వద్దంటాను. మన దేశం బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. వ్యక్తిగత పార్సెళ్ల లెక్క వేరైనా, రవాణా ఖర్చు, సుంకం కలిపితే బొమ్మ ధరను మించిపోయిన సందర్భాలు నాకు రెండు ఉన్నాయి. ఆమెను డబ్బాతో సహా మొయ్యమని మాత్రం అడగకండి. సూట్‌కేసులో నలిగిన డబ్బా ఎవరికీ పనికిరాదు.

ఇప్పుడు అట్ట విప్పనిదా, విడిదా అన్నది. విడిదే కొనమని చెప్పడానికి ధర ఒక్కటే కారణం కాదు. అట్ట విప్పకపోయినా లోపలి రబ్బరుకు వయసు ఆగదు. జి.ఐ. జో బొమ్మ మొత్తం నిలబడేది ఒక్క రబ్బరు రింగు మీద. వీపు మీది మరను చిన్న స్టార్ స్క్రూడ్రైవరుతో విప్పండి, ఛాతీ రెండు చిప్పలుగా విడిపోతుంది, తల, చేతులు వాటంతటవే రాలి పడతాయి. లోపల చూస్తే, రెండు కాళ్లనూ కలిపే లోహపు కొక్కెం ఒకటి నడుము ముక్కలోంచి పైకి వచ్చి ఉంటుంది. నల్లటి రబ్బరు రింగు ఒక చివర ఆ కొక్కేనికి, రెండో చివర ఛాతీ లోపలి మొలకు తగులుకుని, కాళ్లనూ నడుమునూ ఛాతీ వైపు లాగి పట్టుకుంటుంది. ముప్పై ఏళ్ల రింగు అయితే మీరు ముట్టుకోగానే ఎండిన చింతపండు ఈనెలా తునిగిపోతుంది, లేదా జిగటగా వేలికి అంటుకుంటుంది. అట్టలో ఉన్నప్పుడు ప్లాస్టిక్ బుడగ బొమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ సంగతి బయటికి తెలియదు. పెద్ద మొత్తం పెట్టి కొన్న అట్ట బొమ్మను వెలుగుకు ఎత్తి చూస్తే, కాళ్లు నడుము నుంచి ఊడి బుడగ అడుగున పడి ఉన్న దృశ్యం నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. విడి బొమ్మకైతే కొత్త రింగు వేసి పది నిమిషాల్లో లేపి నిలబెట్టవచ్చు. రింగు కొలత సరిగ్గా కుదరాలి. లావైతే నడుము తిరగదు, పెద్దదైతే బొమ్మ వెనక్కి వాలుతుంది. మరను తిరిగి బిగించేటప్పుడు కరకరమనే దాకా బిగిస్తే చిప్ప పగులుతుంది, పట్టు దొరకగానే ఆపండి.

అట్టల్లో మోసం కూడా ఎక్కువ. తొమ్మిదేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర విప్పని స్టార్మ్ షాడో (జి.ఐ. జో వరుసలోని నింజా) అని కొన్నాను. చేతికి వచ్చాక బుడగ అంచున మెరిసే కొత్త జిగురు కనిపించింది, అట్ట వెనక ముద్రణను భూతద్దంతో చూస్తే ఇంటి ప్రింటరు చుక్కలు. బొమ్మ అసలుదే, అట్ట అసలుది కాదన్నమాట. డబ్బు తిరిగి రాలేదు. పాత జిగురు కాలంతో పాటు పసుపెక్కి పెళుసుబారుతుంది, పాత బుడగ కూడా కొంత పసుపెక్కుతుంది. ముప్పై ఏళ్ల అట్ట మీద అద్దంలా మెరిసే బుడగను నమ్మకండి.

కొన్న తరువాత దాచడం గురించి మీరు అడగలేదు కానీ, గుంటూరు, హైదరాబాదు ఎండల్లో అసలు పని అదే. మనవాళ్లు ప్రేమతో చేసే మూడు పనులు ఈ బొమ్మలను చంపుతాయి.

మొదటిది కలరా ఉండలు. పట్టుచీరల మధ్య వేసే అలవాటుతో బొమ్మల డబ్బాలోనూ వేస్తారు. నాఫ్తలీన్ ఆవిరి కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. తెనాలి డబ్బాలోని పదకొండింటిలో ఒకదాని కాలు పక్కనున్న బండి ముక్కకు అతుక్కుపోయి, విడదీస్తే వేలిముద్రల్లాంటి గుంటలతో ఊడివచ్చింది.

రెండోది గాలి చొరకుండా ప్లాస్టిక్ సంచిలో మూటగట్టడం. మెత్తటి పి.వి.సి. బొమ్మలకు ఆ మెత్తదనాన్ని ఇవ్వడానికి ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పైకి ఊరుతుంది, అందుకే పాత బొమ్మలు జిడ్డుగా తగులుతాయి. మూటలో వేడి, చెమ్మ చిక్కుకుంటే ఆ జిడ్డు అక్కడే పేరుకుంటుంది. మెత్తటి రబ్బరు చక్రం గట్టి ప్లాస్టిక్‌ను తాకుతూ ఏళ్ల తరబడి ఉంటే గట్టిది కరిగి గుంట పడేదీ ఇందువల్లే. ఒక్కో బొమ్మను విడిగా, ఆమ్లం లేని కాగితంలోనో, అది దొరకకపోతే ఉతికి ఆరేసిన పాత మల్లు గుడ్డలోనో చుట్టి, మూత కొంచెం వదులుగా ఉండే డబ్బాలో పెట్టండి. సిలికా పొట్లం ఒకటి వేసి, వానాకాలం రాగానే మార్చండి. డబ్బాను అటక మీద పెట్టకండి, మే నెలలో ఇంట్లో అన్నిటికంటే వేడెక్కేది అదే.

మూడోది కిరసనాయిలుతోనో గోళ్లరంగు తుడిచే ద్రవంతోనో తుడవడం. దాంతో మురికితో పాటు ముఖం కూడా పోతుంది. గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే ద్రవం ఒక్క చుక్క, మెత్తటి పళ్ల బ్రష్షు చాలు. జి.ఐ. జోను మాత్రం మర విప్పి, విడదీసి కడగండి. లోపల నీరు నిలిస్తే మర, కొక్కెం తుప్పు పడతాయి. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కితే హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. తెలుపు వస్తుంది, చాలాసార్లు ఏడాదో రెండేళ్లో తిరక్కుండానే పసుపు తిరిగొస్తుంది, ప్లాస్టిక్ పెళుసుబారే ప్రమాదమూ ఉంది. నేను మానేశాను. బ్యాటరీ బండ్లలో తెల్లటి పొర పేరుకుంటే, అవి ఆల్కలైన్ బ్యాటరీలైతే, దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి తుడిస్తే పోతుంది.

ధర సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ బొమ్మలకు గిరాకీ ఉన్నది మన వయసువాళ్ల జ్ఞాపకం వల్ల. మాటెల్ 2020లో ఆరిజిన్స్ పేరుతో పాత రూపంలోనే కొత్త హీ-మ్యాన్‌ను దుకాణాలకు తెచ్చింది, రూపం చాలనుకునేవారు అది కొనుక్కుని తృప్తి పడుతున్నారు. ఇరవై దాటిన పిల్లలు నన్ను హీ-మ్యాన్ కోసం అడగడం లేదు. మన హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసి, 2008లో పోగో ఛానల్‌లో మొదలైన ఛోటా భీమ్ కార్టూను తొలి బొమ్మలు ఎక్కడైనా ఉన్నాయా అని అడుగుతున్నారు. మీ డబ్బు పెరగాలంటే బ్యాంకులో వేసుకోండి. బొమ్మ అమ్మితే కొన్న ధర వస్తే చాలని నేను లెక్క వేసుకుంటాను, రెండిట్లో ఒకదానికి అదీ రాదు.

చివరగా మీ అబ్బాయి. పాత బొమ్మల రంగుల్లో, ప్లాస్టిక్‌లో సీసం, కాడ్మియం వంటివి ఉండే అవకాశం ఉంది. మన దేశంలో బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయ్యిందే 2021 జనవరి నుంచి. నోట్లో పెట్టుకునే వయసు దాటిన పిల్లవాడు మీ ఎదుట కాసేపు ఆడి చేతులు కడుక్కుంటే నేను కంగారు పడను, చంటిపిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం చిన్న తుపాకులు, కత్తులు అందనివ్వకండి. అబ్బాయి సొంతంగా ఆడుకోవడానికి కొత్త ఆరిజిన్స్ హీ-మ్యాన్ ఒకటి కొనివ్వండి. పాతదాన్ని బాగుచేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని మరను అతని చేతే విప్పించండి. మా అమ్మాయికి ఎనిమిదో ఏట రింగు వెయ్యడం వచ్చింది. సన్నని వేళ్లు కాబట్టి కొక్కేనికి రింగు తగిలించడం నాకంటే తనకే తేలిక, ఇప్పుడు ఇంటికొచ్చే బొమ్మల్లో సగం తనే బాగుచేస్తుంది. అటక మీద ఏమైనా దొరికితే నడుము, వీపు ఫొటోలు ఇక్కడే పెట్టండి, ఏ దేశపు పోతో చూసి చెబుతాను.